పన్నెండో తేదీ దాటని తప్పు

"ఏం కొట్టావో నోటితో చెప్పకు. కొట్టి చూపించు," అంది టీచరమ్మ.

అప్పుడు టైము పది గంటల పన్నెండు నిమిషాలు. పాత రికార్డులు భద్రపరిచే ఆఫీసులో, కింది అంతస్తు కంప్యూటరు గది. కీబోర్డు ముందు ఆపరేటరు అమ్మాయి కూర్చుని ఉంది. ఆమె వెనక గోడకు ఆనుకుని, చేతులు కట్టుకుని ఇన్‌స్పెక్టర్ నిలబడ్డాడు.

జరిగింది నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. ఈ ఆఫీసు నేలమాళిగలో ఒక ఇనప గది ఉంది. పురుగు పట్టిన కాగితాల కట్టలను అందులో పెట్టి, తలుపు బిగించి, విషవాయువు నింపుతారు. అందరూ దాన్ని మందు గది అంటారు. ఏ రోజున ఏ గంటకు వాయువు వదలాలో కంప్యూటరులో ముందుగా కొట్టి పెడితే, ఆ వేళకు అదే మొదలవుతుంది. నిన్న, ఆగస్టు ఆరో తేదీన, సరిగ్గా పదకొండింటికి అలాగే మొదలైంది. లోపల కాగితాలతో పాటు ఆఫీసు బైండరు ఉన్నాడు. తొమ్మిది నిమిషాల తర్వాత ఈ అమ్మాయే ఎర్ర దీపం చూసి, యంత్రం ఆపి, ఆయన్ని బయటికి లాగింది. ఆయన హాస్పిటల్లో ఉన్నాడు. ఇంకా స్పృహ రాలేదు. ఆ తేదీ, ఆ సమయం కంప్యూటరుకు ఇచ్చిందెవరని చూస్తే ఈ అమ్మాయి లాగిన్ కనబడింది.

బైండరు ఆమెకు సొంత బాబాయి. ఉద్యోగం ఇప్పించిందీ ఆయనే.

నిన్న సాయంత్రం బైండరు భార్య టీచరమ్మ ఇంటికి వచ్చింది. "దాన్ని పదేళ్ళు నా చేత్తో పెంచాను. ఇందాక మంచం దగ్గరికి వస్తుంటే నేనే గెంటేశాను. అది చేసిందో లేదో తేల్చండమ్మా. చేసుంటే పోలీసుల కంటే ముందు నాకు చెప్పండి," అంది. కళ్ళు ఏడ్చి వాచిపోయి ఉన్నాయి, గొంతు మాత్రం వణకలేదు.

"రేపు మధ్యాహ్నానికి చెబుతాను," అంది టీచరమ్మ. అంత ధీమాగా ఎలా చెప్పారని ఎవరైనా అడిగితే, చెప్పలేని పనికి నేను ఒప్పుకోను అంటుంది ఆవిడ.

ఆవిడ అసలు వృత్తి టైపు నేర్పడం. పద్దెనిమిదేళ్ళు నేర్పింది. ఒకసారి ఎవరో కొట్టిన ఆకాశరామన్న ఉత్తరం చూసి, ఇది ఎడమచేతి చిటికెన వేలు సరిగ్గా ఆనని మనిషి పని అని చెప్పి దొంగను పట్టించింది. అప్పట్నుంచి జనం టైపు నేర్చుకోవడానికి రావడం తగ్గించి, చిక్కుముళ్ళు విప్పమని రావడం మొదలుపెట్టారు. ఇన్‌స్పెక్టర్ కూడా ఒకప్పుడు ఆవిడ శిష్యుడే. రెండు వారాలు వచ్చి మానేశాడు. ఇప్పటికీ రిపోర్టులు రెండు వేళ్ళతోనే కొడతాడు. ఆ సంగతి ఆవిడకు గుర్తుందన్నదే అతని బాధ.

"నేను ఆగస్టు ఆరు అని కొట్టలేదు టీచర్. బాబాయ్ మీద ఒట్టు," అంది అమ్మాయి.

"ఒట్లు నాకక్కర్లేదు. కొత్త ప్రోగ్రాం పెట్టింది జూన్‌లో అన్నావు. మొదట ఏ తేదీ పెట్టావు?"

అమ్మాయి సొరుగులోంచి చేతిరాత పుస్తకం తీసింది. ఏ రోజు ఏ కట్టలు మందు గదిలో పెట్టాలో అందులో రాసుకుంటుంది. "జూన్ ఎనిమిది. పదకొండు గంటలకి."

"అదే కొట్టు. రోజూ ఎలా కొడతావో అలాగే. తొందరపడకు, అలాగని నెమ్మదించకు."

అమ్మాయి పుస్తకాన్ని ఎడమవైపు పెట్టుకుంది. కళ్ళు పుస్తకం మీద ఉన్నాయి. కుడిచేయి అంకెల మీదికి వెళ్ళింది. ఎనిమిది, గీత, ఆరు. తర్వాతి గడిలోకి దూకి, పదకొండు.

"ఆగు. చెయ్యి అక్కడే ఉంచి, ఇప్పుడు తలెత్తి చూడు."

తేదీ గడిలో ఆగస్టు 6 అని ఉంది.

ఇన్‌స్పెక్టర్ గోడ వదిలి ముందుకొచ్చాడు. "మళ్ళీ కొట్టు," అన్నాడు. ఆమె మళ్ళీ కొట్టింది. మళ్ళీ ఆగస్టు ఆరే. అతను వంగి, చూపుడువేలితో తనే కొట్టాడు. అదే జవాబు.

"ఇప్పుడు పదమూడు, గీత, ఆరు కొట్టండి," అంది టీచరమ్మ.

కొట్టాడు. గడిలో జూన్ 13 అని వచ్చింది.

"అదేంటి, ఇది సరిగ్గానే తీసుకుందిగా?"

"పదమూడో నెల లేదు కాబట్టి. ఈ గడి ముందు నెల, తర్వాత తేదీ అనుకుని చదువుతుంది. ఎనిమిది, ఆరు అంటే దాని లెక్కలో ఎనిమిదో నెల, ఆరో రోజు. పదమూడు, ఆరు అనేసరికి దానికి అర్థం కాదు. పోనీలే పాపం, తిరగేసి కొట్టారనుకుని తనే సర్దుకుంటుంది. సర్దుకున్నానని ఒక్క ముక్క చెప్పదు. కాబట్టి నెలలో పన్నెండో తేదీ దాకా అంతా తిరగబడుతుంది. పదమూడు నుంచి అంతా సవ్యంగా ఉంటుంది. ఆరో నెల ఆరో తేదీ లాంటివి ఎటు తిప్పినా ఒకటే."

"ఈ అమ్మాయికి కళ్ళు లేవా? గడిలో ఏం పడిందో చూసుకోవద్దా?"

"బాగా టైపు వచ్చినవాళ్ళు కాగితం చూస్తారు ఇన్‌స్పెక్టర్ గారూ. స్క్రీన్ చూస్తూ కొట్టేది రెండు వేళ్ళవాళ్ళు."

ఇన్‌స్పెక్టర్ గొంతు సవరించుకున్నాడు. "ఆడలేక మద్దెల ఓడన్నట్టుంది. ఒక్క తేదీ చూసి యంత్రాన్ని దోషిని చేస్తారా?"

"ఒక్కటి వద్దు. అన్నీ చూద్దాం." ఆవిడ అమ్మాయి వైపు తిరిగింది. "ఎనిమిదో తేదీన పదకొండింటికి మొదలు కాకపోతే ఏం చేశావు?"

"చెయ్యి మీట నొక్కి మొదలుపెట్టాను టీచర్. కొత్త యంత్రం కదా, మొండికేసిందనుకున్నాను. ఒక్కోసారి గడిచిపోయిన తేదీ అంటూ అసలు తీసుకునేదే కాదు. జులై మూడు కొడితే అలాగే అంది."

"మార్చి ఏడు అనుకుని ఉంటుంది. నిన్న పదకొండింటికి నువ్వెక్కడున్నావు?"

"రెండో అంతస్తులో. పదిన్నర దాటి ఇరవై నిమిషాలకి సూపరింటెండెంట్ గారు ఫోన్ చేసి, పాత జాబితాలు మూడు కట్టలు వెతికి తెమ్మన్నారు. దొరికేసరికి ఆలస్యమైంది. దిగేసరికి ఎర్ర దీపం వెలుగుతోంది."

"బాబాయి మందు గదిలోకి వెళ్తుంటాడా?"

"ఎప్పుడూ వెళ్ళడు. ఆ వాసన పడదు ఆయనకి. కట్టలు నేనే పెడతాను, నేనే తీస్తాను."

యంత్రం తనంతట తను ఏయే రోజు నడిచిందో చూపే లాగ్ కాగితాలను అచ్చుతీయించి టీచరమ్మ, చేతిరాత పుస్తకాన్ని పక్కపక్కన పెట్టింది. అమ్మాయి తేదీలు చదువుతుంటే ఆవిడ వేలితో చూపుతూ పోయింది. జూన్ పది నడవలేదు. పద్నాలుగు నడిచింది. ఇరవై ఒకటి నడిచింది. జులై తొమ్మిది నడవలేదు. పదకొండు, పన్నెండు నడవలేదు. పదహారు నడిచింది.

"మనిషి మతిమరుపు క్యాలెండరు చూసి రాదు," అంది టీచరమ్మ.

అప్పుడే తలుపు దగ్గర అలికిడైంది. సూపరింటెండెంట్ వచ్చాడు. నెరిసిన జుట్టు, ఇస్త్రీ మడత చెడని చొక్కా. ఎవరితోనూ గొంతు పెంచి మాట్లాడడని ఆఫీసులో పేరు. "ఏమైనా కావాలా అని వచ్చానండి," అన్నాడు.

ఇన్‌స్పెక్టర్‌కు కడుపులో మాట దాగదు. గడి తిరగేసే సంగతి మొత్తం విప్పి చెప్పాడు, తనే కనిపెట్టినంత హుషారుగా.

సూపరింటెండెంట్ బుగ్గన చెయ్యి పెట్టుకున్నాడు. "యంత్రం తప్పా? ఇన్నాళ్ళూ మాకు తెలియనే లేదండి. పాపం, ఈ పిల్లని అనవసరంగా అనుమానించాం." అమ్మాయి భుజం మీద చెయ్యి వెయ్యబోయి, ఆగి, వెనక్కి తీసుకున్నాడు. పది నలభై ఆరుకు పైకి వెళ్ళిపోయాడు.

"అయితే ఇది ప్రమాదం," అన్నాడు ఇన్‌స్పెక్టర్ నోటుబుక్కు మూస్తూ. "యంత్రం తిరగేసింది, ముసలాయన లోపలున్నాడు, గ్రహచారం బాగోలేదు. నా కేసు అయిపోయింది. మీకు థాంక్స్ టీచర్."

"పొద్దున ఈ అమ్మాయి హంతకురాలు. ఇప్పుడు ఎవరూ కారు. మీ కేసులు త్వరగా తెములుతాయి."

"మరి ఇంకేం కావాలి మీకు?"

"ఎప్పుడూ వెళ్ళని మనిషి, నిన్న ఆ ఒక్క గంటకే ఎందుకు వెళ్ళాడో కావాలి."

మరో పదిహేను నిమిషాలు అమ్మాయి చేతిరాత పుస్తకంలోని మిగతా తేదీలు చదివింది, టీచరమ్మ గుర్తులు పెట్టింది. ఆ తర్వాత ఆమెను అక్కడే కూర్చోమని చెప్పి ఇద్దరూ నేలమాళిగకు దిగారు. అప్పటికి పదకొండు దాటి నాలుగు నిమిషాలు.

మందు గది తలుపు మీద ఇన్‌స్పెక్టర్ నిన్న అంటించిన కాగితపు సీలు ఉంది. దాన్ని చింపి ఉండలా చుట్టి జేబులో వేసుకున్నాడు. "ప్రమాదానికి సీలెందుకు," అన్నాడు. తలుపు మధ్యలో బస్సు స్టీరింగంత ఇనప చక్రం. దాన్ని మూడు చుట్లు తిప్పితే తలుపు వదిలింది.

లోపల ఇద్దరు మనుషులు చేతులు చాచి నిలబడేంత జాగా ఉంది. రెండు వైపులా కమ్మీల అరలు, వాటి మీద కట్టలు. లోపలివైపు చక్రం లేదు. నునుపైన ఇనప రేకు మాత్రమే.

"తలుపు దానంతటదే మూసుకుని ఉంటుంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మూసుకోవచ్చు. మూడు చుట్లు బిగుసుకోదు."

అతను తలుపు రెండు వైపులా మళ్ళీ చూశాడు.

గోడ మీద ఎర్ర బొత్తాం ఉంది. లోపల ఎవరైనా చిక్కుకుంటే నొక్కాల్సిన గంట. టీచరమ్మ నొక్కింది. ఎక్కడా మోగలేదు. ఆవిడ కళ్ళజోడు సర్దుకుని బొత్తాం కింద చూసింది. తీగ చివర బయటికి వచ్చి ఉంది. దాన్ని పట్టి ఉంచే స్క్రూ పక్కనే గోడ అంచు మీద ఉంది. అంచు మీద వేలు ముంచేంత దుమ్ము. స్క్రూ మీద మాత్రం నలుసంత లేదు.

"పాత బిల్డింగు. ఊడిపోయి ఉంటుంది."

"ఊడిన స్క్రూ కింద పడుతుంది. ఎగిరి అంచెక్కి కూర్చోదు."

ఈసారి ఇన్‌స్పెక్టర్ మూసిన నోటుబుక్కు మళ్ళీ తెరిచాడు.

అరల మీది కట్టలన్నీ చిల్లులు పడి, అంచులు పొడి రాలుతున్నాయి. ఒక్క పుస్తకం మాత్రం వాటి మధ్య పెళ్ళికొచ్చిన చుట్టంలా ఉంది. తోలు అట్ట, గట్టి వెన్ను. సరిహద్దు పటాల సంపుటం, రెండో భాగం. టీచరమ్మ పేజీలు తిప్పింది. ఎక్కడా పురుగు గుర్తు లేదు.

"జ్వరం లేని మనిషిని తెచ్చి మంచాన పడుకోబెట్టారే. మొదటి భాగం ఎక్కడుందో చూద్దాం పదండి."

తలుపు వట్టినే దగ్గరికి వేసి ఇద్దరూ మొదటి అంతస్తుకు ఎక్కారు. బైండరు గది చిన్నదే. బల్ల మీద సూదులు పొడవును బట్టి వరసగా ఉన్నాయి. మైనం రాసిన దారపు ఉండ, జిగురు గిన్నె, ఎముకతో చేసిన మడత పుల్ల. మధ్యలో తెరిచి పెట్టిన పుస్తకం. అదే సరిహద్దు పటాల సంపుటం, మొదటి భాగం.

టీచరమ్మ కూర్చుని, తొందరపడకుండా వెన్ను లోపలి కుట్టు చూసింది. దారం అంతా పసుపు తిరిగి, మైనంతో బిరుసుగా ఉంది. కుట్టుకు ఐదు రంధ్రాలు. మధ్యలో నాలుగు పటాల దగ్గర మాత్రం దారం తెల్లగా మెత్తగా ఉంది. రంధ్రాలు మూడే. ఆ నాలుగు కాగితాలు కూడా మిగతావాటికంటే పలచన. వెలుగుకు ఎత్తి చూస్తే తెలిసిపోతోంది. అసలు పటాలు ఎవరో తీసేసి, నకళ్ళు కుట్టారు.

పుస్తకం కింద ఒక చీటీ దొరికింది. బైండరు రాసుకున్నది. "ఇది నా కుట్టు కాదు. ఇరవై ఏళ్ళ కింద నేను వేసింది ఐదు రంధ్రాల కుట్టు. జులై 27న సూపరింటెండెంట్ గారికి చూపించాను. ఎవరితోనూ అనవద్దు, నేనే విచారిస్తానన్నారు. రెండో భాగం కూడా చూడాలి."

ఇన్‌స్పెక్టర్ చీటీని రెండుసార్లు చదివాడు. "రెండో భాగం మందు గదిలో ఉందని చెబితే, వాసన పడకపోయినా వెళ్తాడు," అన్నాడు నెమ్మదిగా.

"వెళ్తాడు. సొంత కుట్టు కోసం నిప్పుల్లోకైనా వెళ్తాడు."

"కానీ టీచర్, పదకొండింటికి యంత్రం మొదలవుతుందని సూపరింటెండెంటుకి ఎలా తెలుస్తుంది? తప్పు సంగతి తెలియదన్నాడుగా మన ముందే."

"అదొక్కటే మిగిలింది. ఆ ప్రోగ్రాం రాసిన కంపెనీవాళ్ళ నంబరు కంప్యూటరు పక్కన అంటించి ఉంది."

కంప్యూటరు గదికి వచ్చేసరికి పన్నెండుకు ఐదు నిమిషాలు తక్కువ. అమ్మాయి కుర్చీ ఖాళీగా ఉంది. కీబోర్డు మీద చీటీ: "సంతకానికి పిలిచారు టీచర్, ఇప్పుడే వస్తాను."

"వాంగ్మూలం మీద సంతకం పెట్టమన్నారా మీరు?" అని అడిగింది టీచరమ్మ.

"మా స్టేషన్ రైటరు పిలిపించి ఉంటాడు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, నంబరు నొక్కుతూ.

అవతల పలికిన కంపెనీ ఇంజినీరు విషయం సగం వినగానే అందుకున్నాడు. "ఆ తేదీ గడి సంగతేనా అండీ? మేం జులై ఇరవై ఎనిమిదినే మీ సూపరింటెండెంట్ గారికి ఉత్తరం రాశాం. నెలని అంకెతో కొట్టొద్దు, పేరుతో కొట్టించండి అని. తిరగబడ్డ తేదీలు ఐదు ముందుకు పడి ఉన్నాయి, అవి వెంటనే రద్దు చెయ్యండని కూడా రాశాం. ఒకటో తారీఖున జవాబిచ్చారు, అన్నీ తీసేశామని."

ఇన్‌స్పెక్టర్ ఫోన్‌ను బల్ల మీద పెట్టి, ఇద్దరికీ వినబడేలా చేశాడు.

"రద్దు చేసినవి ఎక్కడ కనబడతాయి బాబూ?" అంది టీచరమ్మ.

"పైన రెండో జాబితా తెరవండి. కింద వివరాలు అని ఉంటుంది, అది నొక్కితే ఎవరు ఏం కొట్టారో అక్షరం పొల్లుపోకుండా కనబడుతుంది."

జాబితా తెరుచుకుంది. ఆగస్టు ఒకటో తేదీ, సాయంత్రం నాలుగున్నర, సూపరింటెండెంట్ లాగిన్. రద్దయిన తేదీలు వరసగా ఉన్నాయి. సెప్టెంబరు 7. అక్టోబరు 6. నవంబరు 7. డిసెంబరు 7.

"నాలుగే," అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"అవును. ఇంట్లో ఐదు పాములు దూరాయంటే ఎవడైనా కాలి దగ్గరున్నదాన్ని ముందు కొడతాడు. ఈయన దూరంగా ఉన్న నాలుగింటినీ కొట్టి, ఐదు రోజుల్లో కాటెయ్యబోయేదాన్ని వదిలిపెట్టాడు. పేరు ఆ అమ్మాయిది, తప్పు యంత్రానిది. తను చెయ్యాల్సింది ముసలాయన్ని లోపలికి పంపి చక్రం తిప్పడమే."

"రాతపూర్వకంగా ఉంది. చాలు. ఇక పైకెళ్ళి..."

"ఆగండి." టీచరమ్మ కుర్చీ ముందుకు లాక్కుంది. "ఇంకా నడవాల్సినవి ఏమున్నాయో చూడలేదు మనం."

మూడో జాబితాలో ఒక్కటే వరస ఉంది. ఆగస్టు 7. పన్నెండు గంటల పదిహేను నిమిషాలు. లాగిన్ ఆపరేటరు అమ్మాయిది. పెట్టిన సమయం ఈ ఉదయం పది యాభై రెండు.

"పది యాభై రెండుకి ఆ అమ్మాయి మన ఎదురుగా ఉంది," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "పుస్తకం చదువుతోంది. కీబోర్డు తాకనే లేదు."

టీచరమ్మ వివరాలు నొక్కింది. కొట్టిన అక్షరాలు ఉన్నవున్నట్టు కనబడ్డాయి. ఆ అమ్మాయి కొట్టినవన్నీ అంకెలు, మధ్యలో గీతలు. ఇక్కడ మాత్రం ఆగస్టు అని నెల పేరు పూర్తిగా ఉంది. ఆ ప్రోగ్రాం పైన సూపరింటెండెంట్ గది కంప్యూటరులోనూ ఉంది, లాగిన్లు ఇచ్చేదీ ఆయనే. నెలను పేరుతో కొట్టాలని తెలిసినవాడు ఆ ఆఫీసులో ఒక్కడే. ఉత్తరం చదివినవాడు.

"తప్పు బయటపడిందని మీరు ఆయనకి చెప్పింది పది నలభైలో," అంది ఆవిడ లేస్తూ. "తప్పు బయటపడితే ఉత్తరం బయటపడుతుంది. నేరం మోసే మనిషి చచ్చిపోతే ఇక ఎవరూ ఉత్తరం వెతకరు. చేసిన పాపానికి తనే లోపలికెళ్ళి పడుకుందంటారు. సీలు కూడా తీసేశాం."

గోడ గడియారంలో పన్నెండు తొమ్మిది అయింది.

మెట్ల మీద ఇన్‌స్పెక్టర్ ముందు, ఆవిడ వెనక. యాభై ఆరేళ్ళ మనిషి అలా పరుగెత్తగలదని అతను అనుకోలేదు. నేలమాళిగలో ఎవరూ లేరు. మందు గది తలుపు వాళ్ళు దగ్గరికి వేసి వదిలినట్టు లేదు. చక్రం చివరిదాకా బిగించి ఉంది. ఆ ఇనుములోంచి, చాలా దూరం నుంచి వస్తున్నట్టు, దబదబమని చప్పుడు వినబడుతోంది.

ఇద్దరూ చక్రం పట్టుకున్నారు. మొదటి చుట్టు కదలనంది. ఇన్‌స్పెక్టర్ కాలు గోడకు తన్ని లాగాడు. రెండో చుట్టు, మూడో చుట్టు. తలుపు తెరుచుకోగానే అమ్మాయి వాళ్ళ మీద పడింది. రెండు అరచేతులూ కమిలి ఎర్రగా ఉన్నాయి.

"కట్టలు తీసుకొస్తే సంతకం పెట్టి ఇంటికి వెళ్ళొచ్చన్నారు సూపరింటెండెంట్ గారు," అంది ఊపిరి అందక. "వెనక తలుపు పడింది. గంట నొక్కాను టీచర్. ఎంత నొక్కినా..."

"తెలుసు తల్లీ. నిలబడగలవా?" టీచరమ్మ ఆమెను పక్కకు నడిపించి గోడకు ఆనించింది. తర్వాత వెనక్కి వచ్చి, ఖాళీ గది తలుపు మూసి, చక్రం తిప్పడం మొదలుపెట్టింది.

"ఏం చేస్తున్నారు?" అన్నాడు ఇన్‌స్పెక్టర్.

"మొదలవనివ్వండి. లోపల ఎవరూ లేరు. కాసేపట్లో ఆయన దిగుతాడు, ఏమీ తెలియనట్టు చూసి గోల పెట్టాలి కదా. వచ్చి ఏం చేస్తాడో మీ కళ్ళతో మీరు చూడండి. నేను చూశానంటే రేపు కోర్టులో మీరే నవ్వుతారు."

అతను ఒకసారి మెట్ల వైపు చూశాడు. తనే వచ్చి మూడో చుట్టు బిగించాడు.

ఎదురుగా ఖాళీ అట్టపెట్టెలు పడేసే గది ఉంది. ముగ్గురూ అందులోకి వెళ్ళి తలుపు వేలెడు సందు వదిలి వేశారు. పన్నెండు పదిహేనుకు మందు గది మీద ఎర్ర దీపం వెలిగింది. లోపల సన్నగా, పాము బుసలా, వాయువు వదిలిన చప్పుడు మొదలైంది. అది తన కోసం మొదలైన చప్పుడని ఆ అమ్మాయికి తెలుసు. ఆమె టీచరమ్మ చేతిని వెతికి పట్టుకుంది.

పన్నెండు ఇరవైకి మెట్ల మీద అడుగులు వినబడ్డాయి. తొందర లేని అడుగులు.

సూపరింటెండెంట్ వచ్చి తలుపు ముందు ఆగాడు. ఎర్ర దీపం చూశాడు. చక్రం మీద చెయ్యి వేశాడు. ఇన్‌స్పెక్టర్ సందుకు కన్ను ఆనించాడు. తిప్పుతాడేమో. ఒక్క చుట్టు తిప్పినా, యంత్రం ఆపే మీట వైపు ఒక్క అడుగు వేసినా, మనసు మారిందని చెప్పుకోవడానికి ఆయనకొక దారి మిగిలేది.

ఆయన చక్రం బిగుతుగా ఉందో లేదో చూసుకుని చెయ్యి తీశాడు. జేబురుమాలుతో తను ముట్టుకున్న చోటు తుడిచాడు. తర్వాత చేతి గడియారం చూసుకుని, చెవి తలుపుకు ఆనించి విన్నాడు.

ఇన్‌స్పెక్టర్ కదలబోతే టీచరమ్మ అతని మోచెయ్యి పట్టుకుంది. "ఇంకొక్క నిమిషం ఇవ్వండి," అంది గొంతు తగ్గించి. "మనిషి అన్నవాడికి ఆ మాత్రం ఇవ్వాలి."

ఇచ్చారు. ఒకటి కాదు, రెండు నిమిషాలు. ఆయన మూలనున్న స్టూలును కాలితో దగ్గరికి లాక్కుని, చొక్కా మడత నలగకుండా సర్దుకుని, ఆ తలుపు ముందు కూర్చున్నాడు.